ఇంట్లో కట్టుకున్న సీఎన్‌సీకి జీఆర్‌బీఎల్ సెట్టింగులు: ఏ అంకె ఎక్కడి నుంచి రావాలి

మీ సీఎన్‌సీ (కంప్యూటర్ ఆదేశాలతో కోసే మెషీన్) గురించి మీరు పెట్టిన $$ లిస్టు, అంటే సెట్టింగులన్నీ చూపించే జాబితా, మొత్తం చదివాను. ఆర్డ్వినో ఊనో, పైన సీఎన్‌సీ షీల్డు, జీఆర్‌బీఎల్ 1.1 (మోటార్లని నడిపే ఫర్మ్‌వేర్, అంటే బోర్డులో ఉండే ప్రోగ్రాం), డీఆర్‌వీ8825 డ్రైవర్లు (మోటార్లకి కరెంటు ఇచ్చే చిన్న బోర్డులు), ఎక్స్‌కీ వైకీ టీ8 లీడ్ స్క్రూలు, జెడ్‌కి మామూలు ఎం8 థ్రెడ్ రాడ్డు. కదలిక ఎక్స్ 300, వై 400, జెడ్ 70 మిల్లీమీటర్లు. 100 వెళ్ళమంటే ఎక్స్, వై రెండూ 50 దగ్గరే ఆగుతున్నాయి. జెడ్ మూలుగుతూ ఉన్నచోటే ఉంటోంది. హోమింగ్‌లో (స్విచ్ తగిలేదాకా వెళ్ళి మెషీన్ తన స్థానం తెలుసుకునే పని) జెడ్ స్విచ్ నొక్కుకున్నా మోటారు ఆగట్లేదు. స్పిండిల్ (బిట్‌ని తిప్పే మోటారు) వేశాక కాసేపటికి అలారం 1 వచ్చి పని మధ్యలో నిలిచిపోతోంది. గుండ్రంగా కోయాల్సింది కోలగా వస్తోంది. బోర్డు పోయిందా, ఫర్మ్‌వేర్ మళ్ళీ ఎక్కించాలా అని అడిగారు.

రెండూ అక్కర్లేదు. మీ లిస్టులో ఉన్న అంకెలు మీ మెషీన్‌వి కావు, ఎవరిదో మెషీన్‌వి. జీఆర్‌బీఎల్‌కి మీ స్క్రూ ఏదో, బెడ్ ఎంత పొడవో, మోటారుకి ఎంత సత్తా ఉందో తెలిసే దారి లేదు. మీరు చెప్పిందే నమ్ముతుంది. అందుకే ప్రతి అంకెనీ మీ మెషీన్ నుంచే తేవాలి: కొన్ని లెక్క కట్టి, కొన్ని కొలిచి, కొన్ని పరీక్ష చేసి. ఏది లెక్కతో వచ్చేదో ఏది పరీక్షతో వచ్చేదో కలిపేస్తే మాత్రం రోజులు గడిచినా తేలదు.

ఇంకో సంగతి. స్కెచ్ మళ్ళీ అప్‌లోడ్ చేసినంత మాత్రాన ఈ విలువలు చెరిగిపోవు. అవి ఈఈప్రామ్‌లో (పవర్ పోయినా చెరగని మెమరీలో) ఉంటాయి, ప్రోగ్రాం వేరేచోట ఉంటుంది. "కొత్తగా ఎక్కించినా పాత తేడాలే" అని మీరు రాసింది అందుకే. పూర్తిగా మొదటికి రావాలంటే $ఆర్‌ఎస్‌టీ=$ కొట్టండి. (ఇక్కడ తెలుగులో రాస్తున్నా, సెండర్‌లో, అంటే కంప్యూటర్ నుంచి ఆదేశాలు పంపే ప్రోగ్రాంలో, అక్షరాలన్నీ ఇంగ్లిష్‌వే.) అంతకు ముందు ఇప్పుడున్న లిస్టును ఒక టెక్స్ట్ ఫైల్లో దాచండి. ఆ తర్వాత మార్చే ప్రతి అంకె పక్కనా ఎందుకు మార్చారో ఒక ముక్క రాసుకోండి.

ముందు 50 మిల్లీమీటర్ల సంగతి. మామూలు స్టెప్పర్ మోటారు ఒక చుట్టుకి 200 స్టెప్పులు. డ్రైవర్ ఒక్కో స్టెప్పునీ మైక్రోస్టెప్పులుగా విడగొడుతుంది. చుట్టుకి వచ్చే మొత్తం మైక్రోస్టెప్పుల్ని ఆ చుట్టులో యాక్సిస్ కదిలే దూరంతో భాగిస్తే $100, $101, $102 వస్తాయి, అంటే వరసగా ఎక్స్, వై, జెడ్‌లకి మిల్లీమీటరుకి ఎన్ని స్టెప్పులో. మీ లిస్టులో $100=400 ఉంది. అంటే 200ని 16తో గుణించి 8తో భాగించారు. ఏ4988 డ్రైవర్ పెట్టుకున్నవాళ్ళకి ఇది సరైన లెక్కే. షీల్డు మీద డ్రైవర్ కింద ఉండే మూడు జంపర్లూ పెడితే ఏ4988 ఇచ్చేది 16 మైక్రోస్టెప్పులు. అవే మూడు జంపర్లతో డీఆర్‌వీ8825 ఇచ్చేది 32. కాబట్టి మీకు కావాల్సింది 6400ని 8తో భాగిస్తే వచ్చే 800. ఉన్నది 400 గనుక సగం దూరమే వెళ్తోంది. ఎక్స్, వై రెండూ కచ్చితంగా సగమే పోవడం చూస్తేనే ఇది జారుడో స్టెప్పులు పోవడమో కాదని తెలిసిపోతుంది. స్టెప్పులు పోతే అంకెలు అంత శుభ్రంగా రావు.

అయినా 800 పెట్టమని చెప్పను. మైక్రోస్టెప్పులే తగ్గించండి. కారణం జెడ్ దగ్గర వస్తుంది.

టీ8 స్క్రూ దగ్గర చాలామంది పడే గుంట ఒకటుంది. మరల మధ్య దూరం 2 మిల్లీమీటర్లు కనిపిస్తుంది కదా అని 2తో భాగిస్తారు. ఎక్కువగా దొరికే టీ8లో నాలుగు మరలు పక్కపక్కనే నడుస్తాయి, ఒక్క చుట్టుకి నట్టు 8 మిల్లీమీటర్లు పోతుంది. భాగించాల్సింది ఆ 8తో. కానీ చుట్టుకి 2, 4 పోయే టీ8లు కూడా ఉన్నాయి, కాబట్టి ఊహించొద్దు. కప్లింగ్ మీద మార్కర్‌తో గీత పెట్టి, కరెంటు తీసేసి, చేత్తో పది చుట్లు తిప్పి, క్యారేజ్ ఎంత కదిలిందో స్కేలుతో చూడండి. 80 వస్తే 8, 20 వస్తే 2. బెల్టు వాడేవాళ్ళకైతే పుల్లీ పళ్ళ సంఖ్యని బెల్టు పిచ్‌తో గుణిస్తే సరి. 20 పళ్ళ జీటీ2 పుల్లీ చుట్టుకి 40 మిల్లీమీటర్లు.

ఇక జెడ్. ఎం8 రాడ్డు మర 1.25. మీ $102=2560 మళ్ళీ 16 మైక్రోస్టెప్పుల లెక్కే. 32కి అది 5120 కావాలి. మీ $112లో, అంటే జెడ్ గరిష్ఠ వేగంలో, 1500 ఉంది. అది నిమిషానికి మిల్లీమీటర్లు, అంటే సెకనుకి 25. 25ని 2560తో గుణిస్తే సెకనుకి 64,000 పల్సులు. ఊనో మీద జీఆర్‌బీఎల్ పంపగలిగేది సెకనుకి 30,000 దాకానే. అంటే చిప్పు చేయలేని పనిని మీరు అడుగుతున్నారు. చిప్పు చేసినా, 1.25 మరతో 1500 అంటే నిమిషానికి 1200 చుట్లు. సన్నని రాడ్డు ఆ వేగంలో ఊగిపోతుంది, మోటారు బలం అప్పటికే పడిపోయి ఉంటుంది. ఆ మూలుగు దానిదే.

అందుకే మూడు యాక్సిస్‌లకీ 8 మైక్రోస్టెప్పులకి దిగండి. డీఆర్‌వీ8825లో ఎం0, ఎం1 జంపర్లు ఉంచి ఎం2 తీసేస్తే 8 వస్తుంది. అప్పుడు ఎక్స్, వైలకి 1600ని 8తో భాగిస్తే 200, జెడ్‌కి 1600ని 1.25తో భాగిస్తే 1280.

$100=200
$101=200
$102=1280

ఒక్క మైక్రోస్టెప్పుకి ఎక్స్ మీద 0.005 మిల్లీమీటరు. మీ ఫ్రేమ్ వంగుడు, నట్టులో ఆట దానికి ఎన్నో రెట్లు ఉంటాయి. 32 పెడితే కచ్చితత్వం నాలుగింతలు పెరుగుతుందనేది కాగితం మీద మాట. మైక్రోస్టెప్పులు సన్నబడేకొద్దీ ఒక్కోదానికి దక్కే బలం తగ్గుతుంది, బరువు పడ్డప్పుడు అవి సమానంగా కదలవు. మీకు నిజంగా దక్కేది మోత తగ్గడం ఒక్కటే.

జంపర్లు మార్చేటప్పుడు పవర్ పూర్తిగా తీసేయండి. మోటారు వైరు పవర్ ఉండగా పీకితే డ్రైవర్ అక్కడికక్కడే పోతుంది. డ్రైవర్ బయటికి తీస్తే తిరిగి పెట్టేటప్పుడు ఈఎన్ అని రాసిన పిన్ను షీల్డు మీది అదే పేరుతో కలిసేలా చూసి పెట్టండి. కరెంటు తిప్పే చిన్న స్క్రూ ఏ4988లో ఒక వైపు, డీఆర్‌వీ8825లో ఎదురు వైపు ఉంటుంది. దాన్ని గుర్తుగా పెట్టుకున్నవాళ్ళే ఎక్కువగా డ్రైవర్లు కాల్చుకుంటారు.

కరెంటు ఫర్మ్‌వేర్ సెట్టింగ్ కాదు కానీ అది తేలకుండా వేగాల పరీక్ష చేస్తే ఫలితం దండగ. డీఆర్‌వీ8825 మాడ్యూల్ మీద సెన్స్ రెసిస్టర్లు 0.1 ఓమ్ అయితే కరెంటు పరిమితి వీరెఫ్‌కి, అంటే ఆ చిన్న స్క్రూ దగ్గర కొలిచే వోల్టేజీకి, రెట్టింపు. 0.6 వోల్టులు ఉంటే 1.2 ఆంపియర్లు. అంతకు మించితే హీట్‌సింక్‌తో పాటు ఫ్యాను కూడా కావాలి.

ఇప్పుడు దిశలు. $3లో ఎక్స్‌కి 1, వైకి 2, జెడ్‌కి 4. తిరగబడ్డ వాటిని కూడండి: ఎక్స్, జెడ్ తిరగబడితే 5. ఇక్కడ తికమక మోటారు వల్ల రాదు, ప్లస్ అంటే ఎటో తెలియకపోవడం వల్ల వస్తుంది. ప్లస్ అనేది చెక్క పలకతో పోలిస్తే బిట్ కదిలే దిశ. వై ప్లస్ అంటే బిట్ మీ నుంచి దూరంగా పోవాలి. మీ మెషీన్‌లో వై వైపు బెడ్ కదులుతుంది గనుక వై ప్లస్ నొక్కితే బెడ్ మీ వైపుకి రావాలి. ఇది తిరగేసి పెట్టుకుంటే గీతలు, గళ్ళు అన్నీ బాగానే వస్తాయి, అక్షరాలు కోసిన రోజున అద్దంలో చూసినట్టు వస్తాయి. జెడ్ ప్లస్ ఎప్పుడూ పైకే.

రేపెప్పుడైనా వైకి రెండో మోటారు పెట్టి షీల్డు మీద 'ఏ' అనే ఇంగ్లిష్ అక్షరం (A) రాసి ఉన్న నాలుగో స్లాటుతో జత చేస్తే, రెండో మోటారు తిరగబడినప్పుడు $3 పనికిరాదు. అది రెండింటినీ కలిపి తిప్పేస్తుంది. ఆ మోటారు ఒక కాయిల్ రెండు వైర్లూ అటూ ఇటూ మార్చాలి.

$1 మీకు 25 ఉంది. కదలిక ఆగిన 25 మిల్లీసెకన్లకి మోటార్లకి పట్టు వదిలేయమని దాని అర్థం. టూల్ మార్చడానికి ఆగినప్పుడు స్పిండిల్ బరువుకి జెడ్ జారొచ్చు, ఎక్స్ చెయ్యి తగిలినా కదలొచ్చు. $1=255 పెట్టండి, మోటార్లు ఎప్పుడూ పట్టి ఉంచుతాయి. పెట్టగానే తేడా కనిపించదు, తర్వాతి కదలిక నుంచి పనిచేస్తుంది. మోటార్లు వేడెక్కుతాయి. చెయ్యి పెట్టలేనంత అయితే కరెంటు తగ్గించండి గానీ 25కి పోకండి. $0 పది మైక్రోసెకన్లు ఉంది, డీఆర్‌వీ8825కి కావాల్సింది 1.9 మాత్రమే, ముట్టుకోవద్దు. $11 (0.010), $12 (0.002) కూడా అలాగే ఉండనివ్వండి.

వేగం, యాక్సిలరేషన్. ఇవే పరీక్ష చేసి తేల్చాల్సినవి, వీటికి సూత్రం లేదు. మీ $110=5000 (ఎక్స్ గరిష్ఠ వేగం), $120=10 (ఎక్స్ యాక్సిలరేషన్, అంటే వేగం అందుకునే తీరు). ఈ జోడీ చూస్తే నవ్వొచ్చింది, తప్పుగా అనుకోవద్దు. 10 అనేది జీఆర్‌బీఎల్ మొదట్లో ఇచ్చే జాగ్రత్త విలువ, యూనిట్ సెకను వర్గానికి మిల్లీమీటర్లు. వేగం వర్గాన్ని యాక్సిలరేషన్‌కి రెట్టింపుతో భాగిస్తే వేగం అందుకోవడానికి పట్టే దూరం వస్తుంది. 3000 వేగం అంటే సెకనుకి 50 మిల్లీమీటర్లు. 10తో దాన్ని అందుకోవడానికి 125 మిల్లీమీటర్లు, తిరిగి ఆగడానికి ఇంకో 125. మీ 300 మిల్లీమీటర్ల ఎక్స్‌లో పూర్తి వేగం మధ్యలో 50 మిల్లీమీటర్లు మాత్రమే. 5000 అయితే ఎన్నడూ అందదు. $120=200 అయితే అదే 3000 కేవలం 6.25 మిల్లీమీటర్లలో వస్తుంది.

కోతలో దీని ఫలితం ఇంకా దారుణం. 20 మిల్లీమీటర్ల చిన్న పాకెట్ కోస్తున్నారు, ఫైల్లో ఫీడ్ (కోసే వేగం) 1500 ఇచ్చారు. యాక్సిలరేషన్ 10 ఉంటే ఆ 20 మిల్లీమీటర్లలో మెషీన్ అందుకునేది మహా అయితే 850. మూలల దగ్గర ఇంకా నెమ్మది. స్పిండిల్ మాత్రం అదే వేగంతో తిరుగుతూ ఉంటుంది, బిట్ కోయకుండా రుద్దుతుంది, చెక్క నల్లబడుతుంది. "ఫీడ్ పెంచినా మాడుతోంది" అని మీరు రాసిన ముక్కకి జవాబు ఇక్కడుంది. ఫీడ్ పెంచితే లాభం లేదు, యాక్సిలరేషన్ పెంచాలి.

పరీక్ష ఇలా. బిట్ తీసేసి ఒక్క యాక్సిస్‌నే పట్టుకోండి. ముందు వేగం. $120ని 50 దగ్గర ఉంచి $110=1500 నుంచి మొదలుపెట్టి 500 చొప్పున పెంచుతూ, ప్రతిసారీ 200 మిల్లీమీటర్లు అటూ ఇటూ జీ0తో (కోయకుండా పూర్తి వేగంతో కదిలే ఆదేశం) పంపండి. మోటారు ఒక్కసారి గుర్రుమని నిలబడిపోయే వేగం వస్తుంది, ఆ శబ్దం వినగానే తెలుస్తుంది. అక్కడి నుంచి 20 శాతం కిందికి రండి. తర్వాత యాక్సిలరేషన్ అదే పద్ధతిలో, 50 చొప్పున. శబ్దం వినిపించనంత మాత్రాన పాసైనట్టు కాదు. నాలుగైదు స్టెప్పులు నిశ్శబ్దంగా కూడా పోతాయి. అందుకని క్యారేజ్‌కీ పట్టాకీ కలిపి సన్నని పెన్సిల్ గీత పెట్టి, ఓ ఇరవై సార్లు అటూ ఇటూ పంపి, సున్నాకి రప్పించి గీతలు కలిశాయో లేదో చూడండి. కలవకపోతే ఆ విలువ పనికిరాదు.

మీ స్క్రూలకి ఎక్స్, వైల మీద 3000, యాక్సిలరేషన్ 150 నుంచి 200, జెడ్‌కి 500, 50 దగ్గర తేలుతుందని నా అంచనా. 3000 అంటే స్క్రూ నిమిషానికి 375 చుట్లు, జెడ్ 500 అంటే 400 చుట్లు. పల్సుల పరిమితికి చాలా కిందే ఉంటారు. ఇవి ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే అంకెలు, పరీక్ష చేయకుండా వీటిని కూడా నమ్మొద్దు. బరువైన స్పిండిల్ ఎక్కించాక మళ్ళీ చూసుకోవాలి.

మార్లిన్ (3డీ ప్రింటర్ల ఫర్మ్‌వేర్) వాడేవాళ్ళ దగ్గర విలువలు తెచ్చుకోకండి. అందులో వేగం సెకనుకి, ఇందులో నిమిషానికి. 60 రెట్ల తేడా.

ఇప్పుడు హోమింగ్. జెడ్ స్విచ్ నొక్కుకున్నా ఆగట్లేదన్నారు. వైరు తీసి చూడక్కర్లేదు, మీ షీల్డు పాత రకం కావడమే కారణం. జీఆర్‌బీఎల్ 0.9 నుంచి స్పిండిల్ వేగాన్ని పీడబ్ల్యూఎంతో (పల్సుల వెడల్పు మార్చి వేగం మార్చే పద్ధతి) నడపడం కోసం పిన్నులు మార్చారు. జెడ్ లిమిట్ 11 నుంచి 12కి పోయింది, స్పిండిల్ 12 నుంచి 11కి వచ్చింది. షీల్డు మీద అచ్చు వేసిన పేర్లు మాత్రం పాతవే. మీరు జెడ్ అని రాసి ఉన్న చోట గుచ్చారు, జీఆర్‌బీఎల్ స్పిండిల్ అని రాసి ఉన్న పిన్ను వైపు చూస్తోంది. జెడ్ స్విచ్‌ని స్పిండిల్ ఎనేబుల్ అని రాసిన చోటికి, స్పిండిల్ సిగ్నల్‌ని జెడ్ లిమిట్ అని రాసిన చోటికి మార్చండి. ఇది వాయిదా వేసే పని కాదు. ఇప్పుడున్న వైరింగ్‌లో స్పిండిల్ తిరుగుతుండగా జెడ్ స్విచ్ నొక్కుకుంటే ఆ అవుట్‌పుట్ పిన్ను నేరుగా గ్రౌండ్‌కి షార్ట్ అవుతుంది.

మార్చాక హోమింగ్ కొట్టే ముందు స్విచ్‌లను చేత్తో పరీక్షించండి. సెండర్‌లో ? కొడితే వచ్చే స్టేటస్ వరుసలో, ఏదైనా స్విచ్ నొక్కి ఉంటే పీఎన్ అనే గుర్తు పక్కన దాని అక్షరం కనిపిస్తుంది. ఎక్స్ స్విచ్ వేలితో నొక్కి పట్టుకుని ? కొట్టండి, ఎక్స్ రావాలి. వదిలి మళ్ళీ కొట్టండి, పోవాలి. ఏమీ నొక్కకుండానే మూడు అక్షరాలూ కనిపిస్తూ, నొక్కితే మాయమైతే $5 (స్విచ్ సిగ్నల్‌ని తిరగేసి చదవాలా వద్దా అనే సెట్టింగు) తిరగబడి ఉంది. ఈ పరీక్ష దాటని మెషీన్‌కి హోమింగ్ ఇవ్వకండి.

మీ లిస్టులో $130, $131, $132, అంటే ఎక్స్, వై, జెడ్‌లు కదలగలిగే దూరాలు, మూడూ 200 ఉన్నాయి. అవి కూడా మొదట్లో వచ్చే విలువలే. హోమింగ్‌లో జీఆర్‌బీఎల్ స్విచ్ కోసం వెతికే దూరం వీటికి ఒకటిన్నర రెట్లు, అంటే 300. మీ వై 400. బెడ్ ఆ చివర ఉన్నప్పుడు హోమింగ్ ఇస్తే 300 పోయి, స్విచ్ దొరకలేదని అలారం 9 ఇస్తుంది. దగ్గరలో ఉన్నప్పుడు ఇస్తే బాగానే పనిచేస్తుంది. "ఒక్కోసారి వస్తుంది ఒక్కోసారి రాదు" అనిపించేది ఇలాంటివే. జెడ్‌కి 200 మరీ ప్రమాదం. అసలు ఉన్నదే 70 అయినప్పుడు, సాఫ్ట్ లిమిట్ (ఫర్మ్‌వేర్ లెక్కతో పెట్టే హద్దు) 200 దాకా కిందికి పోనిస్తుంది, బెడ్‌లోంచి కూడా. స్విచ్ దగ్గర నుంచి ఎదురు చివర దాకా నిజంగా కదిలే దూరం కొలిచి, నాలుగైదు మిల్లీమీటర్లు తగ్గించి రాయండి.

$22=1
$24=50
$25=500
$26=250
$27=2
$130=295
$131=395
$132=66

$22 హోమింగ్‌ని ఆన్ చేస్తుంది, $25 స్విచ్‌ని వెతికే వేగం, $24 దాన్ని మళ్ళీ నెమ్మదిగా తాకే వేగం, $26 స్విచ్ అదురు ఆగడానికి వేచి ఉండే మిల్లీసెకన్లు. $27 అనేది స్విచ్ తగిలాక వెనక్కి తగ్గే దూరం. అది చాలకపోతే స్విచ్ ఇంకా నొక్కుకునే ఉందని అలారం 8 ఇస్తుంది. లీవర్ పొడుగ్గా ఉన్న మైక్రో స్విచ్‌లకి 1 చాలదు, అందుకే 2. మామూలుగా హోమింగ్ ముందు జెడ్‌ని పైకి తీసుకెళ్తుంది, తర్వాత ఎక్స్, వై కలిసి ప్లస్ వైపుకి, అంటే కుడి వెనక మూలకి. మీ స్విచ్‌లు ఎడమ ముందు మూలలో ఉన్నాయన్నారు గనుక హోమింగ్ దిశ తిప్పే $23=3. అప్పుడు హోమింగ్ అయ్యాక మెషీన్ పొజిషన్ ఎక్స్ -293, వై -393, జెడ్ -2 చూపిస్తుంది. కంగారు పడకండి. మెషీన్ కోఆర్డినేట్లు ఎప్పుడూ మైనస్‌లోనే ఉంటాయి, మీరు పని మొదలుపెట్టే సున్నా వేరు. ఆ మైనస్‌లు పోగొట్టడానికి $23ని, $3ని అటూ ఇటూ మార్చడం మొదలెడితే ఇంతవరకూ చేసిందంతా చెడుతుంది.

హోమింగ్ నాలుగైదు సార్లు వరసగా సరిగ్గా వచ్చాకే $20=1 పెట్టి సాఫ్ట్ లిమిట్లు ఆన్ చేయండి. హోమింగ్ లేకుండా పెట్టబోతే ఎర్రర్ 10 ఇచ్చి ఒప్పుకోదు.

స్పిండిల్ వేస్తే వచ్చే అలారం 1. అది హార్డ్ లిమిట్ అలారం, అంటే పని మధ్యలో చివరి స్విచ్ నొక్కుకుందని చెప్పేది. స్విచ్ ఎవరూ నొక్కలేదు, స్పిండిల్ మోటారు నుంచి వచ్చే నాయిస్‌ను చిప్పు స్విచ్ అనుకుంటోంది. మీ స్విచ్‌లు నార్మల్లీ ఓపెన్ పద్ధతిలో, అంటే నొక్కితేనే కలిసేలా, ఉన్నాయి. అలా ఉన్నప్పుడు, నొక్కనంతసేపూ పొడవాటి వైరు ఊనో లోపలి 20 నుంచి 50 కిలో ఓమ్‌ల పుల్‌అప్ మీద మాత్రమే వేలాడుతుంది. అది యాంటెన్నాతో సమానం. నార్మల్లీ క్లోజ్డ్ టెర్మినల్‌కి మార్చి $5=1 పెడితే మామూలు సమయంలో పిన్ను నేరుగా గ్రౌండ్‌కి కలిసి ఉంటుంది, నాయిస్ దాన్ని అంత సులువుగా లాగలేదు. పైగా వైరు తెగితే వెంటనే తెలుస్తుంది. $5 మూడు యాక్సిస్‌లకీ ఒకటే కాబట్టి మూడూ మార్చాలి. పిన్నుకీ గ్రౌండ్‌కీ మధ్య బోర్డు దగ్గరే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి, స్విచ్ వైర్లని స్పిండిల్ వైరుతో కలిపి ఒకే కట్టగా కట్టకండి. షీల్డెడ్ వైరు వాడితే దాని అల్లికను ఒక్క చివరే గ్రౌండ్ చేయండి.

ఇవన్నీ చేసేదాకా $21=0 పెట్టి, అంటే హార్డ్ లిమిట్లు ఆపేసి, పని చేసుకోండి. హోమింగ్, సాఫ్ట్ లిమిట్లు సరిగ్గా ఉన్న చిన్న మెషీన్‌కి హార్డ్ లిమిట్లు లేకపోయినా నడుస్తుంది. నడవనిది ఎమర్జెన్సీ స్విచ్ లేకపోవడం. అది స్పిండిల్‌కీ మోటార్లకీ వచ్చే పవర్‌ని నేరుగా కోసేయాలి, ఫర్మ్‌వేర్‌ని అడగకూడదు. మరో మాట, అలారం 1 తర్వాత $ఎక్స్ కొట్టి పని కొనసాగించొద్దు. ఆ అలారంలో మోటార్లు నెమ్మదించకుండా ఒక్కసారిగా ఆగుతాయి, పొజిషన్ నమ్మలేం. $హెచ్ కొట్టి మళ్ళీ హోమ్ చేయాల్సిందే.

మీ లిస్టులో ఎవరూ పట్టించుకోని ఒక లైను: $32=1. అది లేజర్ మోడ్. ఆ విలువలు ఇచ్చినాయన లేజర్ నడుపుతున్నట్టున్నాడు. ఆ మోడ్‌లో జీ0 కదలికల్లో స్పిండిల్ అవుట్‌పుట్ ఆగిపోతుంది. స్పిండిల్‌ని పీడబ్ల్యూఎంతో నడిపితే ప్రతి ఖాళీ కదలికలో అది నెమ్మదించి, పూర్తి వేగం అందుకోకముందే చెక్కలోకి దిగుతుంది. $32=0 చేయండి. $30లో మీ స్పిండిల్ గరిష్ఠ వేగం రాయండి. అది 1000గా వదిలేసి ఫైల్లో ఎస్10000 ఇస్తే ఎప్పుడూ ఫుల్ స్పీడే వస్తుంది.

చివరగా కోలగా వచ్చే వృత్తం. ఇక్కడే ఎక్కువమంది $100ని పట్టుకుని పీకుతారు. 100 అడిగితే క్యాలిపర్‌లో 99.7 వచ్చిందని 200.6 చేస్తారు, మర్నాడు 100.2 వస్తుంది, మళ్ళీ మారుస్తారు. స్క్రూ మర అంత తప్పు ఉండదు. ఆ 0.3 నట్టు ఆట నుంచో, క్యాలిపర్ పట్టుకున్న తీరు నుంచో వచ్చింది. బెల్టు మెషీన్‌కైతే పాత విలువని అడిగిన దూరంతో గుణించి వచ్చిన దూరంతో భాగించి సరిచేయడం న్యాయమే, అది కూడా 200, 300 మిల్లీమీటర్ల పొడవు మీద, ఎప్పుడూ ఒకే వైపు నుంచి వచ్చి ఆగి కొలిస్తేనే. స్క్రూకి లెక్కలో వచ్చిన అంకెనే ఉంచండి.

మీ వృత్తాన్ని నాలుగు వైపులా కొలవండి: ఎక్స్ వెంట, వై వెంట, రెండు ఐమూలలా. ఎక్స్, వై సరిగ్గా ఉండి ఐమూలలు రెండూ తేడా వస్తే ఎక్స్, వై లంబంగా లేవు, ఫ్రేమ్ బోల్టులు వదులు చేసి స్క్వేర్ పెట్టాలి. వృత్తం నాలుగు కొనల దగ్గర, అంటే దిశ మారే చోట్ల చిన్న చదునులో మెట్లో కనిపిస్తే అది బ్యాక్‌లాష్, అంటే దిశ మారినప్పుడు నట్టులో ఉండే ఆట. దాన్ని తేల్చడానికి డయల్ ఇండికేటర్ పెట్టి, ఎక్స్‌ని ఒకే వైపుకి 10 మిల్లీమీటర్లు తెచ్చి, డయల్ సున్నా చేసి, 1 మిల్లీమీటరు వెనక్కి పంపండి. డయల్ 0.85 చూపిస్తే 0.15 ఆట ఉంది. జీఆర్‌బీఎల్ 1.1లో బ్యాక్‌లాష్ కాంపెన్సేషన్ లేదు, ఏ డాలర్ అంకె మార్చినా అది పోదు. స్ప్రింగ్ ఉన్న యాంటీ బ్యాక్‌లాష్ నట్టు వేయడం, స్క్రూ చివరల బేరింగుల్లో ముందుకీ వెనక్కీ కదలకుండా కాలర్ బిగించడం, కప్లింగ్ గ్రబ్ స్క్రూలు చూసుకోవడం, ఇవే దారులు. కాలర్ల నుంచి మొదలుపెట్టండి, ఖర్చు లేనిది అదే.

డయల్ రీడింగు మూడు యాక్సిస్‌లకీ, వృత్తం నాలుగు కొలతలు, మార్చిన తర్వాతి $$ లిస్టు పంపండి. జెడ్ రాడ్డులో ఆట 0.2 దాటితే రాడ్డు తీసేసి దానికి కూడా టీ8 వేసేయమంటాను, అప్పుడు $102, $112 మళ్ళీ లెక్క కట్టుకోవాలి.